గ్రానైటు గుట్టలనూ కదిలించే చంద్రుడు

నల్లగొండకు అతి దగ్గరి సముద్రతీరం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉంది. అందువల్లనే కావచ్చు, చంద్రుడు భూమి మీద చూపే ప్రభావం అనగానే అది బాపట్లవారికో మచిలీపట్నంవారికో సంబంధించిన సంగతి అని ఇక్కడివారికి తోస్తుంది. మన పాఠ్యపుస్తకాలలోని ఆటుపోట్ల బొమ్మలు కూడా ఈ అభిప్రాయాన్నే బలపరుస్తాయి. వాటిలో నీరు ఉబ్బినట్లు గీస్తారు గాని, నేలను మాత్రం కదలిక లేనిదిగానే చూపిస్తారు. నిజానికి చంద్రుడి ఆకర్షణకు నీరు, రాయి అనే భేదం లేదు. భువనగిరి కోట నిలిచిన ఏకశిల, దేవరకొండ గుట్టలు, మహబూబ్‌నగర్ చుట్టూ పరుచుకున్న బండలు అన్నీ రోజుకు రెండుసార్లు దాదాపు 30 సెంటీమీటర్ల మేర పైకి లేచి మళ్లీ దిగుతాయి. అమావాస్య, పౌర్ణముల దరిదాపుల్లో ఈ కదలిక ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది.

అడుగు ఎత్తు నేల లేచినా మనకు తెలియకపోవడానికి కారణం, ఈ ఉబ్బు వేల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉండడమే. ఇల్లు, పొలం, గుట్ట, దాని పక్కనున్న చెరువు అన్నీ కలిసే లేస్తాయి కాబట్టి, లేచిందని పోల్చి చూసుకోవడానికి కదలని వస్తువు ఏదీ మన చుట్టూ మిగలదు. అయితే గురుత్వాకర్షణలోని సూక్ష్మమైన తేడాలను కొలిచే గ్రావిమీటరు దీనిని సులభంగా పసిగడుతుంది. భూగర్భ అన్వేషణలో గురుత్వ కొలతలు తీసేవారు ప్రతి కొలత నుంచీ చంద్రసూర్యుల వాటాను తీసివేసిన తరువాతే నేలలోని శిలల గురించి మాట్లాడగలుగుతారు.

ఈ ఉబ్బు ఎలా వస్తుందో కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే చాలామంది దీనిని సగమే అర్థం చేసుకుంటారు. చంద్రుడు నీటిని తన వైపు లాగుతాడు కాబట్టి పోటు వస్తుందన్నది ఆ సగం. అదే నిజమైతే పోటు రోజుకు ఒక్కసారే రావాలి. వాస్తవంగా పనిచేసేది ఆకర్షణలోని తేడా. చంద్రుడికి ఎదురుగా ఉన్న భూభాగాన్ని అతడు భూకేంద్రం కన్నా కొంచెం ఎక్కువగా, అవతలి వైపు భాగాన్ని భూకేంద్రం కన్నా కొంచెం తక్కువగా లాగుతాడు. ఫలితంగా భూమి రెండు వైపులా సాగుతుంది. ఆ రెండు ఉబ్బుల కింద నుంచి మనం తిరుగుతూ పోవడం వల్ల సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి పోటు వస్తుంది. ఆకర్షణ దూరపు వర్గాన్ని బట్టి తగ్గితే, ఈ తేడా మాత్రం దూరపు ఘనాన్ని బట్టి తగ్గుతుంది. అందుకే సూర్యుడు భూమిని చంద్రుడి కన్నా దాదాపు 180 రెట్లు బలంగా లాగుతున్నా, ఆటుపోట్ల విషయంలో అతడి బలం చంద్రుడి బలంలో సగానికి కూడా చేరదు. ఇద్దరూ ఒకే వరుసలోకి వచ్చే అమావాస్య, పౌర్ణములకు పోటు పెద్దది, లంబంగా నిలిచే అష్టములకు చిన్నది. మన పండుగ లెక్కలో చెప్పాలంటే, ఒకటి రెండు రోజుల తేడాతో ఎంగిలిపూల బతుకమ్మకు పెద్ద పోటు, సద్దుల బతుకమ్మకు చిన్న పోటు.

బోరు నీటి మీద బతికే జిల్లాల వారికి ఇందులో ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో గట్టిరాతిలోకి దిగిన ఒక లోతైన బావిలో నీటిమట్టాన్ని యంత్రంతో తక్కువ వ్యవధుల్లో నమోదు చేసినప్పుడు, వాన వల్ల వచ్చే మార్పులకు తోడు క్రమం తప్పకుండా హెచ్చుతగ్గులు కనిపించాయి. చుట్టుపక్కల మోటార్లు నీరు తోడడం వల్ల ఇలా జరుగుతున్నదా అని పరిశీలిస్తే పొంతన కుదరలేదు. చంద్రసూర్యుల వల్ల నేలలో వచ్చే పోటుతో మాత్రం చక్కగా కుదిరింది. 2002లో ప్రచురితమైన పరిశోధన ఇది. నేల సాగినప్పుడు రాతి పగుళ్లు రవంత తెరుచుకుని నీరు దిగుతుంది, నొక్కుకున్నప్పుడు ఎక్కుతుంది. ఇసుక నేలలో ఈ తేడా ఎక్కడికక్కడ సర్దుకుపోతుంది గాని, నీరు నిలిచే చోటు చాలా తక్కువగా ఉండే మన గ్రానైటులో బయటపడుతుంది. అప్పుడప్పుడు వెళ్లి తాడు వేసి కొలిచే కొలతల్లో ఇది దొరకదు. రైతు మోటారుకు దీనివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఈ చివరి మాట ఎందుకంటున్నానంటే, చంద్రుడి ప్రభావం అనే మాట వినబడగానే కొందరు మనిషి దాకా వచ్చేస్తారు. శరీరంలో మూడింట రెండు వంతులు నీరే కనుక పౌర్ణమినాడు మనసు అల్లకల్లోలమవుతుందని, జబ్బులు ముదురుతాయని వాదిస్తారు. ఆటుపోట్లకు కావలసింది నీరు కాదు, విస్తీర్ణం. భూమి 12,742 కిలోమీటర్ల వ్యాసం గలది కాబట్టి దాని రెండు అంచుల మధ్య ఆకర్షణలో చెప్పుకోదగిన తేడా వస్తుంది. నాగార్జునసాగర్ జలాశయంలోనే ఆ తేడా కంటికి ఆనదు. పానగల్లు ఉదయసముద్రం పేరుకు సముద్రమే అయినా అందులో పోటు రాదు. అటువంటప్పుడు ఆరడుగుల మనిషిలో ఏ పోటు వస్తుంది? పౌర్ణమి వెన్నెలకు నిద్ర కొంత తగ్గవచ్చునేమో గాని, అది వెలుతురు చేసే పని; ఆకర్షణకు అందులో ప్రమేయం లేదు.

రోజువారీ జీవితంలో చంద్రుడి పాత్రను ఇంత చిన్నదిగా చూపిస్తున్నానని అనుకోవద్దు. కాలాన్ని కోట్ల ఏళ్లలో కొలిస్తే లెక్క పూర్తిగా తారుమారవుతుంది. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం, చంద్రుడు భూమి చుట్టూ తిరిగే వేగం కన్నా ఎక్కువ. అందువల్ల సముద్రపు ఉబ్బు సరిగ్గా చంద్రుడి కింద నిలవకుండా భూభ్రమణంతో పాటు కొంచెం ముందుకు జరుగుతుంది. ముందుకు జరిగిన ఆ ఉబ్బు చంద్రుడిని ముందుకు లాగుతుంది, చంద్రుడు దానిని వెనక్కి లాగుతాడు. దీనివల్ల భూమి భ్రమణం మందగిస్తుంది, ఆ కోల్పోయిన చలనం చంద్రుడికి చేరి అతడి కక్ష్య పెద్దదవుతుంది. అపోలో యాత్రికులు చంద్రుడి మీద ఉంచి వచ్చిన అద్దాలపైకి లేజరు కాంతిని పంపి, అది తిరిగి వచ్చే సమయాన్ని కొలిచి చూస్తే, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నట్లు తేలింది. పగలు రాత్రి కలిసిన రోజు నిడివి శతాబ్దానికి దాదాపు రెండు మిల్లీసెకన్లు పెరుగుతున్నది.

ఇది కేవలం నేటి కొలతలను వెనక్కి పొడిగించి చెప్పిన మాట అయి ఉంటే అనుమానించవచ్చు. కాని శిలాజాలలో సాక్ష్యం ఉంది. కొన్ని పగడపు జీవులు తమ కవచం మీద రోజుకొక సన్నని గీతను, ఏడాదికొక స్పష్టమైన పట్టీని వేసుకుంటాయి. 1963లో జాన్ వెల్స్ అనే పురాజీవ శాస్త్రవేత్త సుమారు 38 కోట్ల ఏళ్ల నాటి పగడాల గీతలను లెక్కపెట్టి, ఆ కాలంలో ఏడాదికి దాదాపు 400 రోజులు ఉండేవని చూపించాడు. ఏడాది నిడివి మారలేదు. రోజే పొట్టిది, సుమారు 22 గంటలది.

ఇక్కడ ఒక చిక్కుముడి కూడా ఉంది. నేటి వేగాన్నే వెనక్కి లెక్కగడుతూ పోతే, చంద్రుడు దాదాపు 150 కోట్ల ఏళ్ల క్రితమే భూమికి తగిలి ఉండాలి. చంద్రశిలల వయసు అంతకు దాదాపు మూడు రెట్లు. దీనికి సమాధానం సముద్రాల ఆకారంలో దొరికింది. ఖండాలు ఇప్పుడున్న అమరికలో సముద్రజలం ఊగే లయ, చంద్రుడి లయకు దగ్గరగా వచ్చింది. అందుకని ఈ కాలంలో పోటు నీటికి, నేలకు మధ్య రాపిడి మామూలు కన్నా ఎక్కువగా జరిగి, చంద్రుడు వేగంగా దూరమవుతున్నాడు. ఖండాలు వేరుగా అమరి ఉన్న గత యుగాలలో చంద్రుడు ఇంతకన్నా నెమ్మదిగా దూరమయ్యాడు. ఆకాశంలోని గోళం చరిత్రను చెప్పడానికి నేల మీది ఖండాల చరిత్ర తెలిసి ఉండవలసి రావడం నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

ఎంత నెమ్మదిగా అయినా వెనక్కి వెళ్తే చంద్రుడు దగ్గరవుతూనే ఉంటాడు. అతడు మొదట ఎక్కడి నుంచి వచ్చాడన్న ప్రశ్న అక్కడ ఎదురవుతుంది. జీవపరిణామాన్ని వివరించిన చార్లెస్ డార్విన్ కుమారుడు జార్జి డార్విన్ ఆటుపోట్ల గణితం నుంచే 1870ల చివరలో ఒక ఊహ చేశాడు: వేగంగా తిరుగుతున్న ద్రవరూప భూమి నుంచి ఒక ముక్క విడిపోయి చంద్రుడయిందని. పసిఫిక్ మహాసముద్రం ఆ ముక్క ఊడిన గుంట అని 1882లో ఆస్మండ్ ఫిషర్ జోడించాడు. పసిఫిక్ అడుగున ఉన్న శిలలు 20 కోట్ల ఏళ్లకు మించినవి కావని తరువాత తేలడంతో ఆ గుంట కథ ముగిసింది. భూమి, చంద్రుడు పక్కపక్కనే ఒకే ధూళి నుంచి పుట్టారన్న వాదానికి, చంద్రుడిలో ఇనుము ఎందుకంత తక్కువ అన్న ప్రశ్న అడ్డొచ్చింది. భూమి సగటు సాంద్రత ఘన సెంటీమీటరుకు 5.5 గ్రాములైతే చంద్రుడిది 3.3 మాత్రమే. దారిన పోతున్న గోళాన్ని భూమి పట్టుకుందన్న మూడో వాదం, చంద్రశిలలు చేతికి వచ్చాక నిలవలేదు.

1969 నుంచి 1972 వరకు ఆరు అపోలో యాత్రలు 382 కిలోల రాళ్లు, మట్టి తెచ్చాయి. వాటిలోని ఆక్సిజన్ ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల, నిష్పత్తి భూమి శిలలతో దాదాపు అచ్చంగా సరిపోయింది. చాలా ఉల్కలలో, అంగారక శిలలలో ఆ నిష్పత్తి వేరుగా ఉంటుంది. పైగా చంద్రశిలలలో సోడియం, పొటాషియం వంటి, వేడికి తేలికగా ఆవిరయ్యే మూలకాలు బాగా తక్కువ. పుట్టుకలోనే విపరీతమైన వేడిని చూసిన పదార్థం అది. 1975లో విలియం హార్ట్‌మన్, డొనాల్డ్ డేవిస్, మరుసటి ఏడాది అలస్టేర్ కామెరాన్, విలియం వార్డ్ వేర్వేరు దారుల్లో ఒకే ఊహకు వచ్చారు. సుమారు 450 కోట్ల ఏళ్ల క్రితం, ఇంచుమించు అంగారకుడంత గోళం ఒకటి పసి భూమిని ఏటవాలుగా ఢీకొన్నది. దానికి తరువాతివారు థియా అని పేరు పెట్టారు. రెండింటి ఇనుప కేంద్రాలు కలిసి భూమిలోకి దిగిపోగా, వాటి పైనున్న మందమైన రాతి పొరలు, అంటే ప్రావారాలు, కరిగి, కొంత ఆవిరై భూమి చుట్టూ చెదిరాయి. ఆ చెదిరినది కూడి చంద్రుడయింది. 1984లో హవాయి దీవుల్లోని కోనాలో జరిగిన సదస్సు నాటికి ఎక్కువమంది ఈ వాదం వైపు మొగ్గారు.

దీనితో కథ తేలిపోయిందని రాసే వ్యాసాలు చాలా ఉన్నాయి. నేను అంత దూరం పోను. తొలినాటి గణనల ప్రకారం చంద్రుడిలో ఎక్కువ భాగం థియా పదార్థమే అయి ఉండాలి. థియా వేరే చోట పుట్టిన గోళమైతే దాని ఐసోటోపులు భూమితో ఇంత చక్కగా ఎలా కలిశాయి? 2012లో రెండు జవాబులు వచ్చాయి. ఢీకొన్న గోళాలు రెండూ దాదాపు సమానమైనవై, పూర్తిగా కలగలిసిపోయాయని రాబిన్ కానప్ అంటే, అప్పటికే అతివేగంగా తిరుగుతున్న భూమిని చిన్న గోళం ఢీకొనడంతో భూమి పదార్థమే ఎక్కువగా ఎగిసిందని మతియా చుక్, సారా స్టీవర్ట్ అన్నారు. అసలు థియా కూడా సూర్యుడికి ఇంచుమించు అంతే దూరంలో, అటువంటి పదార్థంతోనే పుట్టి ఉండవచ్చునన్న మాట కూడా ఉంది. ఢీకొన్నదన్న విషయంలో పెద్ద వివాదం లేదు, ఎలా ఢీకొన్నదన్న దానిలోనే ఉంది.

ఢీకొన్న తరువాతి చరిత్ర మాత్రం మరింత గట్టి ఆధారాల మీద నిలబడింది. అపోలో 11 తెచ్చిన మట్టిలో నల్లని బసాల్టు రేణువుల మధ్య అక్కడక్కడ తెల్లని రాతి తునకలు కనిపించాయి. అది అనార్థొసైట్, అంటే దాదాపు మొత్తం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజంతో కూడిన శిల. ఇది మనకు బొత్తిగా పరాయిది కాదు. నల్లగొండ గ్రానైటును పగలగొట్టి చూస్తే తెల్లగా, లేత గులాబీ రంగులో మెరిసే గింజలు ఫెల్డ్‌స్పార్ జాతివే. కాని గ్రానైటులో అది క్వార్ట్‌జ్ తదితరాలతో కలిసి ఉంటుంది. ఒక ప్రాంతమంతా ఫెల్డ్‌స్పార్‌గానే ఎలా ఏర్పడుతుంది? 1970లో జాన్ వుడ్, ఆయన సహచరులు చెప్పిన జవాబు ఇది: చంద్రుడి పైభాగం ఒకప్పుడు వందల కిలోమీటర్ల లోతున కరిగిన శిలాద్రవమై ఉండేది, అది చల్లారుతున్నప్పుడు బరువైన ఖనిజాలు అడుక్కి దిగగా, తేలికైన ఫెల్డ్‌స్పార్ కాచిన పాల మీద మీగడ కట్టినట్లు పైకి తేలి గట్టిపడింది. మనకు తెల్లగా కనిపించే చంద్రభాగం ఆ తేలిన పొర. కుందేలు అని మనం పిల్లలకు చూపించే నల్లని మచ్చలు, అనంతర కాలంలో పెద్ద గుంటల్లోకి లోపలి నుంచి లావా ఉబికి గడ్డకట్టిన బసాల్టు మైదానాలు. అవి ఎక్కువగా 300 నుంచి 380 కోట్ల ఏళ్ల క్రితం నాటివి. వికారాబాద్ దాటి పడమటికి పోతే తగిలే దక్కను నల్లరాయి కూడా బసాల్టే, వయసు మాత్రం 6.6 కోట్ల ఏళ్లు.

అపోలో యాత్రలు, సోవియట్ యాత్రలు దిగినవన్నీ చంద్రుడి మధ్యరేఖకు కాస్త అటూ ఇటూ ఉన్న చోట్లు. శిలాద్రవ సముద్రం నిజంగా గోళమంతటా ఉండేదా అన్నది తేలాలంటే దూరపు అక్షాంశాల మట్టిని చూడాలి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దక్షిణ ధ్రువం వైపు 69 డిగ్రీల అక్షాంశం దగ్గర దిగినప్పుడు మనవాళ్లు జెండా గురించి మాట్లాడినంతగా ఈ ప్రశ్న గురించి మాట్లాడలేదు. ప్రజ్ఞాన్ రోవరు 103 మీటర్ల దారిలో 23 చోట్ల ఆగి మట్టిలోని మూలకాలను కొలిచింది. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ మట్టి అంతటా ఇంచుమించు ఒకే తీరుగా, అపోలో తెచ్చిన అనార్థొసైట్ జాతికి దగ్గరగా ఉంది. శిలాద్రవ సముద్రం వాదానికి ఇంత దూరపు దక్షిణ అక్షాంశం నుంచి నేల మీద నిలబడి ఇచ్చిన తొలి సాక్ష్యం అది.

మా గుట్టల గ్రానైటుకు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇక్కడ పునాది తవ్వినా, బోరు వేసినా తగిలే రాయి అది. ఇంతకు మించిన పాతది ఇంకేముంటుందని అనిపిస్తుంది. కాని ఆ రాయి పుట్టేనాటికే భూమి తన ఆయుష్షులో దాదాపు సగం గడిపేసింది. అంతకు ముందరి భూమి పైపొర దాదాపు అంతా ప్రావారంలోకి కుంగి, కరిగి, రూపు మార్చుకుంది. 400 కోట్ల ఏళ్లు దాటిన శిలలు భూమి మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చోట్లే ఉన్నాయి. చంద్రుడి మీద వాన లేదు, నది లేదు, ఖండాల కదలిక లేదు. అందుచేత 440 కోట్ల ఏళ్ల నాటి రాయి అక్కడ పైనే పడి ఉంది. భూమి తొలి చరిత్రను చదవదలచినవారు చంద్రుడి మీదికి పోవలసి రావడానికి ఇదే కారణం.

ఢీ వల్ల మనకు సంక్రమించినవాటిలో రుతువులు ముఖ్యమైనవి. భూమి అక్షం ఇప్పుడు 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఆ వాలులో అలాంటి ఢీకొనడాల పాత్ర ఉండి ఉంటుందని భావిస్తున్నారు. ఈ వాలు 41 వేల ఏళ్ల ఆవృత్తిలో 22.1 నుంచి 24.5 డిగ్రీల మధ్యే మారుతుంది. చంద్రుడు లేకపోతే అది చాలా విపరీతంగా ఊగిసలాడేదని 1993లో జాక్ లస్కార్, ఆయన సహచరులు లెక్కగట్టారు. ఆ ఊగిసలాట అంత తీవ్రంగా ఉండకపోవచ్చునని తరువాతి గణనలు చెప్పాయి. కాబట్టి చంద్రుడు లేనిదే జీవమే లేదని తెగేసి చెప్పే రచనలను నేను నమ్మను. ఉన్నంతలో నిలకడ మాత్రం అతడిదే. సూర్యుడు ఏటా ఒకే హద్దుల మధ్య ఉత్తరానికి, దక్షిణానికి జరగడం, వేసవిలో ఈ ఉపఖండపు నేల వేడెక్కి నైరుతి గాలులను రప్పించడం అన్నీ ఆ వాలు మీదే ఆధారపడి ఉన్నాయి.

గ్రహణాల విషయం క్లుప్తంగా చెబుతాను. సూర్యుడు చంద్రుడి కన్నా సుమారు 400 రెట్లు పెద్దవాడు, సుమారు 400 రెట్లు దూరాన ఉన్నాడు. అందుకే ఇద్దరూ మన కంటికి ఒకే పరిమాణంలో కనిపిస్తారు. చంద్రుడు దూరమవుతున్నందున ఈ పొంతన ఎల్లకాలం ఉండదు. దాదాపు 60 కోట్ల ఏళ్ల తరువాత సంపూర్ణ సూర్యగ్రహణాలు ఆగిపోతాయి. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం నాటి సంపూర్ణ గ్రహణపు నీడ రాయచూరు వైపు నుంచి మన జిల్లాల మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాల కూడా ఆ దారిలోనే ఉంది. శాస్త్రవేత్తలు దూరదేశాల నుంచి వచ్చి చూసిన ఆ దృశ్యాన్ని తలుపులు మూసుకుని ఇంట్లో కూర్చుని వదులుకున్న కుటుంబాలే మా వైపు ఎక్కువని పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

చివరగా కార్తెల సంగతి. చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగడానికి 27.3 రోజులు పడుతుంది. ఆ దారిని 27 భాగాలు చేసి నక్షత్రాలని పేరు పెట్టుకున్నాము. సూర్యుడు అందులో ఒక్కొక్క భాగంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులే రైతులు లెక్కపెట్టే కార్తె. రోహిణి ఎండలు, మృగశిరతో చినుకులు, విత్తనాలు అనే లెక్క మన వైపు ఇప్పటికీ నడుస్తున్నది. అయితే చంద్రుడు, సూర్యుడు కలిసి భూమి మధ్యరేఖ దగ్గర ఎప్పుడూ ఉండే ఉబ్బును లాగుతూ ఉండడం వల్ల భూమి అక్షం దాదాపు 26 వేల ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఇందులో మూడింట రెండు వంతుల పని చంద్రుడిదే. దీని మూలంగా నక్షత్రాలను బట్టి లెక్కించే కార్తె, రుతువులతో పోలిస్తే దాదాపు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనుకబడుతుంది. ఇప్పుడు జూన్ 7, 8 తేదీల్లో ప్రవేశించే మృగశిర, కందూరు చోళులు పానగల్లును ఏలిన తొమ్మిది వందల ఏళ్ల కిందట, రుతువుల లెక్కలో పన్నెండు పదమూడు రోజులు ముందే, అంటే ఇప్పటి తేదీల ప్రకారం మే చివరి వారంలోనే ప్రవేశించేది. నైరుతి గాలులు సాధారణంగా జూన్ రెండో వారంలో తెలంగాణను చేరతాయి కాబట్టి ఈ కాలంలో కార్తెకు, వానకు పొంతన చక్కగా ఉంది. ఇంకో ఏడు వందల ఏళ్లకు మృగశిర జూన్ 17 దాటిన తరువాత వస్తుంది. అప్పటి రైతులు తొలకరికి రోహిణినే చూసుకోవలసి ఉంటుంది.